నాలుగు పాళ్ళు చేసిన రాయి

ఆ గుమ్మంలో కూర్చోకు పైడితల్లమ్మా. చూసేవాళ్ళకి నువ్వేదో నా మీద నిరాహారదీక్షకి దిగినట్టుంది. లోపలికి రా. ఆ స్టూలు మీద కూర్చో.

దుమ్ముందా? ఉంటుంది. ఇనుపరాయి దుమ్ము. ఈ పోర్టులో దుమ్ము పట్టనిది ఏముంది చెప్పు? తెల్లచొక్కా తొడుక్కొస్తే సాయంత్రానికి కాషాయం. దేవుణ్ణి నమ్మనివాడికి ఇదో శిక్ష, రోజూ సన్నాసి వేషంలో ఇంటికెళ్ళాలి.

మళ్ళీ సోమవారం, మళ్ళీ నువ్వు! పెందుర్తి అవతలనుంచి రెండు బస్సులు మారి, అంత దూరం ఎండలో నడిచి... ఆ గేటు దగ్గర అబ్బులు నిన్నెందుకు లోపలికి వదుల్తున్నాడనుకున్నావ్? జాలా? నీ సంచిలో వంకాయలమ్మా! "ఏటి సార్, పాపం ముసల్ది, ఒక్కపాలి మాటాడండి" అంటాడు నాతో. అరకేజీ వంకాయలకి అమ్ముడుపోయే కాపలావాడు! ఈ దేశంలో విప్లవం ఎందుకు రాలేదా అని ఎన్ని పుస్తకాలు తిరగేశాను! పుస్తకాల్లో లేదు జవాబు. అబ్బులు టిఫిన్ క్యారేజీలో ఉంది.

నాకూ తెచ్చావా? నేను తినను. సరే, పెట్టు. ఆ బీకర్ల పక్కన కాదు, కింద పెట్టు.

ఆగు. నువ్వేం అడుగుతావో నాకు తెలుసు. నా రాయి ఏది బాబూ. అంతేగా? జూలైలో అడిగావ్, ఆగస్టులో అడిగావ్, ఇప్పుడు డిసెంబరు. మద్దిలపాలెంలో మా హేతువాద వేదిక ఆఫీసు గోడ మీద ఎర్రరంగుతో ఏం రాయించామో తెలుసా, బస్సు దిగిన ప్రతివాడికీ కనపడేలా? 'పరీక్షించనిదే ఎవరి మాటా నమ్మకు' అని. అవునులే, నీకు చదవడం రాదు. ఆ గోడ కిందే నిన్ను నిలబెట్టాం ఆవేళ, మైకు పెట్టి.

రాయి సంగతి తర్వాత. ముందు ఈ పేపరు చూడు. ఈ బొమ్మ ఏంటో చెప్పు. చిలగడదుంప కాదు. రాయి! ఆకాశంలో తిరుగుతున్న రాయి. నీ నువ్వుచేను గట్టు మీంచి మీ ఊరి బడి దాకా ఉంటుందేమో, అంత పొడవు. సూర్యుడు ఎంత దూరమో దానికి రెట్టింపు దూరంలో ఉంది.

జపాను వాళ్ళు దాని మీదికి ఒక యంత్రాన్ని పంపారు. మనిషి లేడు అందులో. వాళ్ళ భాషలో డేగ అని పేరు పెట్టుకున్నారు. వెళ్ళడానికే రెండున్నరేళ్ళు పట్టింది. ఎందుకెళ్ళింది? చిటికెడు మన్ను తేవడానికి. బంగారం కాదు, వజ్రాలు కాదు. మన్ను!

నవ్వొస్తోంది కదా? నేనూ నవ్వాను. కంచంలో మెతుకు లేనివాళ్ళు నేల మీద కోట్లమంది ఉంటే ఆకాశంలో మన్ను తవ్వుకుంటారా అని వేదికలో నిప్పులు కక్కాను. ఆ తర్వాతి వారమే 'శాస్త్రం జనం చేతి ఆయుధం' అని ఇంకో ఉపన్యాసం. రెండింటికీ ఒకేలా చప్పట్లు. మావాళ్ళకి చప్పట్లు కొట్టడానికి మాటతో పన్లేదు. మైకు ఆగితే చాలు.

ఇంకా విను. రాయి మీద దిగేముందు గుర్తుగా ఓ బంతి జారవిడిచారట. దాని మీద ఎనిమిది లక్షల ఎనభై వేలమంది పేర్లు! దేశదేశాల వాళ్ళవీ. మీ ఊరి గుళ్ళో ట్యూబులైటు మీద, వెలుతురు కూడా బయటికి రాకుండా, దాత పేరు రాస్తారే... అలా! సూర్యుడవతలకి పోయినా మనిషి బుద్ధి మారదు కదా.

మరి మన్ను తీసేదెలా? పార లేదు, తట్ట లేదు. అక్కడ దేనికీ బరువుండదు, పారతో పొడిస్తే యంత్రమే ఎగిరిపోతుంది. అందుకని కొమ్ముబూరలాంటి గొట్టం ఒకటి పెట్టారు. దాన్ని రాయికి ఆనించి లోపల్నుంచి చిన్న గుండు పేల్చాలి. పెళ్ళలు లేచి, గొట్టంలోంచి పైకొచ్చి డబ్బాలో పడాలి. మూత పడాలి. శాంపిల్ తయార్.

అది నా పనే పైడితల్లమ్మా! నేనిక్కడ చేసేదేంటనుకున్నావ్? ఆ బెల్టు మీద ఇనుపరాయి పోతూ ఉంటుంది. అక్కడో గుప్పెడు, ఇక్కడో గుప్పెడు తీయించి, పొడి చేసి, ఇదే యాభై వేల టన్నుల ఓడకి సాక్ష్యం అంటాను. ఆ గుప్పెడు ఏం చెబితే ఓడంతా అదే. గుప్పెడు అబద్ధమైతే ఓడే అబద్ధం.

కిందటి నెల ఇరవయ్యారున ఆ డేగ దిగింది, లేచింది. గుండు పేలింది, మన్ను దొరికింది అని వాళ్ళు పండగ చేసుకున్నారు. రెండు వారాలు తిరక్కుండా ఇప్పుడు ఇది చూడు. గుండు పేలలేదేమోనట. డబ్బాలో ఏమీ లేకపోవచ్చట! అంతా అయి, ఇప్పుడా యంత్రం పిలిచినా పలకడం లేదట.

అది చదివి మా త్రినాథరావు గారు కుర్చీలో ఆగలేదు. మా వేదిక అధ్యక్షుడు. "ఆదివారం సభ పెట్టేద్దాం బావా! ఆకాశంలో రాళ్ళూ, నేల మీద మూఢనమ్మకాలూ! నువ్వే మాటాడాల. రాళ్ళ మీద నీకంటే ఎవులున్నారు?" అని. అక్కడితో ఆగాడా? బల్ల మీద గాజుపెట్టెలో నీ రాయి పెట్టాలట. పక్కన చీటీ. 'ఉక్కు కరిగించగా మిగిలిన చిట్టెం. దీన్నే దేవుడన్నారు.' చీటీ రాయించేశాడు కూడా. రాయి పట్టుకురమ్మని పొద్దున్నుంచి మూడు ఫోన్లు.

నువ్వూ రాయి కోసమే వచ్చావ్. ఆయనా రాయే అడుగుతున్నాడు. బాగుంది!

నీ రాయి కథ నాకు కంఠతా వచ్చు. చెప్పనా, నీలాగే? "మబ్బు నేదు బాబూ, వాన నేదు. పొద్దు నడినెత్తి మీదుంది. ఫెళ్ళుమని ఒక్కటే సప్పుడు. పశువుల సాల కప్పు సిరిగిపోనాది. కుడితి గోలెం రెండు సెక్కలైపోనాది. సూత్తే అందులో నల్లటి రాయి, ఒలిచిన కొబ్బరికాయంత." సరిగ్గా చెప్పానా?

ఆ తర్వాత నువ్వేం చేశావ్? పసుపు రాశావ్. కుంకం పెట్టావ్. పీటేశావ్. ఆకాశంలోంచి పడితే దేవుడేనా? కాకి రెట్ట కూడా పైనుంచే పడుతుంది కదమ్మా!

వారంలో ఊరు ఊరంతా కొబ్బరికాయలు. మాకు కబురొచ్చింది. దొరికిందిరా మనకో మూఢనమ్మకం, అదీ సిటీకి ఇంత దగ్గర్లో అని, మూడు మోటారుసైకిళ్ళ మీద ఆరుగురం వచ్చాం. మగపెళ్ళివారిలా వచ్చాం. నువ్వు మజ్జిగిచ్చావ్. 'పరీక్ష చేసి తెచ్చిచ్చేస్తానమ్మా' అన్నాను నేను. నువ్వు కొత్త తువ్వాల్లో చుట్టి నా చేతిలో పెట్టావ్. రాయిని నమ్మావంటే పోనీ అనుకోవచ్చు, నన్నెందుకు నమ్మావ్?

పరీక్ష! ఎవడు చేశాడు పరీక్ష? చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాను. నల్లగా ఉంది, బరువుగా ఉంది, అయస్కాంతం పెడితే అంటుకుంది. ఈ ఊళ్ళో నల్లగా, బరువుగా ఉన్న రాయి ఏదైనా రెండే రకాలు. పోర్టు నుంచి రాలితే ఖనిజం, ఉక్కు ఫ్యాక్టరీ నుంచి రాలితే స్లాగ్. చిట్టెం. రోడ్లకి పోస్తారు, పునాదుల్లో పోస్తారు, లారీలు దారి పొడుగునా రాలుస్తూ పోతాయి. ఇక్కడ పుట్టి పెరిగిన ఏ వెధవనైనా అడుగు, అదే చెబుతాడు. ఆ వెధవల్లో నేను ఎమ్మెస్సీ చదివినవాణ్ణి. ఆకాశం అనే మూడోది ఉందని నా బుర్రకే తట్టలేదు. ఆకాశం భక్తుల శాఖ అనుకున్నాను.

మర్నాడే సభ. నిన్ను పిలిపించాం. నీ రాయి నెత్తి మీదికెత్తి చూపించాను జనానికి. 'ఫ్యాక్టరీ చెత్తకుప్పలో ఏరుకొచ్చి దేవుడని మోసం చేస్తోంది' అన్నాను. చరిత్ర చెత్తబుట్ట అన్నాను, చీకటి నుంచి వెలుగుకి అన్నాను. అన్నీ అరువు తెచ్చిన మాటలే. అరవై డెబ్భైమంది పగలబడి నవ్వారు. పేపరువాడు ఫోటో తీశాడు.

నువ్వు ఒక్కటే మాటన్నావ్. "నాను అబద్దం ఆడనేదు బాబూ." మైకు నా చేతిలో ఉంది కదా. ముందు వరసకి కూడా వినపడలేదు. నాకు వినపడింది.

ఆ ఫోటో పట్టుకుని మీ ఊరిపెద్ద అర్జునరావు పండగ చేసుకున్నాడు. అమ్మవారి పండక్కి మొదటి ఘటం పాతికేళ్ళుగా నువ్వే ఎత్తుతున్నావట. నాకేం తెలుసు? ఆయన అన్నమాట నువ్వే చెప్పావ్. "అబద్దమాడిన నెత్తి మీద అమ్మోరి గటం నిలబడదు." దానికి నేనేమన్నానో గుర్తుందా? నెత్తిన కుండ లేకపోతే మెడనొప్పి తగ్గుతుందిలే అన్నాను. ఆవేళ నువ్వు నావంక చూసిన చూపు... అదిగో, అదే చూపు. మళ్ళీ చూస్తున్నావ్.

తెలుసమ్మా, వచ్చే నెలే పండగ. రాయి ఇవ్వకపోయినా సరే, చెత్తకుప్పలోది కాదని ఒక్క ముక్క కాయితమ్మీద రాసిమ్మంటున్నావ్. ఇన్ని సోమవారాలూ అడిగింది రాయో, ఆ కాయితమో, అంతే. ఎప్పుడైనా గొంతు పెంచావా? తిట్టావా? తిట్టు ఒకసారి! నువ్వు తిట్టవు. అబ్బులుకి వంకాయలిచ్చి, ఆ గుమ్మంలో కూర్చుంటావ్.

సరే. ఆ తలుపు దగ్గరికి వెయ్యి.

ఆగస్టులో ఓ రోజు నీ పోరు పడలేక, దీనికో రిపోర్టు పారేస్తే పీడా వదుల్తుంది అనుకున్నాను. నీ రాయి తీశాను. బ్రష్షూ సబ్బూ పెట్టి పసుపూ కుంకం తోమేశాను. రెండున్నర కేజీలు తూగింది. మూలనుంచి పది గ్రాములు కొట్టుకుంటే చాలు పరీక్షకి. పసిపిల్లాడికి కూడా తెలుస్తుంది. నేను ఏం చేశాను? రోజూ ఇనుపరాయికి ఏం చేస్తానో అదే చేశాను. మొత్తం ఎత్తి క్రషర్లో వేశాను.

అవును. మొత్తం.

చెయ్యి అలవాటు పడిపోయింది పైడితల్లమ్మా. రాయి వచ్చిందా, క్రషర్లో వెయ్యి. పొడిని గుట్టగా పొయ్యి. గుట్ట నెత్తి నొక్కి చదును చెయ్యి. పిడకలా అయ్యాక నాలుగు పాళ్ళు చెయ్యి. ఎదురెదురు రెండు పాళ్ళు ఉంచు, మిగతా రెండూ డ్రమ్ములో పారెయ్యి. ఉంచినదాన్ని మళ్ళీ గుట్ట పొయ్యి, మళ్ళీ నాలుగు పాళ్ళు. అలా చేసుకుంటూ పోతే ఆఖరికి గుప్పెడు మిగుల్తుంది. నీ దేవుణ్ణి అలా నాలుగు పాళ్ళు చేశాను. ఈల వేస్తూ చేశాను.

అంతా అయ్యాక తుడవబోతే, క్రషర్ పళ్ళ మధ్య ఏవో ఇరుక్కున్నాయి. మిలమిలా మెరుస్తున్నాయి. రాయైతే పగలాలి కదా, ఇవి పగల్లేదు. రేకుల్లా చదునుగా అయ్యాయి. లోహం! వాటి పక్కనే ఇరుక్కున్న రాతిముక్కల్లో చూస్తే ఆవగింజల్లాంటి గుండ్రటి పలుకులు. స్లాగులో అలాంటివి నేను ఎన్నడూ చూళ్ళేదు. అప్పుడు పుట్టింది నాకు భయం.

ఆ రేకుల్ని ఆసిడ్లో కరిగించాను. ఓ మందు ఉంటుంది మా దగ్గర. నికెల్ అనే లోహం కనక ఉంటే అది పడగానే ఎర్రగా అవుతుంది. ఇనుపరాయిలో అది కనపడదు, స్లాగులో కనపడదు. ఆకాశంలోంచి పడే రాళ్ళ ఇనుములో ఉంటుంది. నాలుగు చుక్కలు వేశాను.

కుంకం రంగు, పైడితల్లమ్మా. సబ్బుపెట్టి తోమేశానే, అదే రంగు. పరీక్షనాళిక నిండా.

నీ కుంకమే ఏ సందులోనో మిగిలిపోయిందేమో అనుకున్నాను! చూశావా నా శాస్త్రం? మూడుసార్లు కడిగి మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే.

ఆ మర్నాడు డ్రమ్ము దగ్గరికి పరిగెత్తాను. ఖాళీ. పరీక్షకి పనికిరాని పాళ్ళు వృథా చెయ్యరు ఇక్కడ. తిరిగి యార్డులో ఇనుపరాయి గుట్ట మీదే పోసేస్తారు. అప్పటికే గుట్ట బెల్టెక్కింది, బెల్టు ఓడెక్కింది. ఛానెల్లోంచి ఓడ సముద్రంలోకి పోతుంటే ఈ కిటికీ దగ్గరే నిలబడి చూశాను.

ఎక్కడికి పోయిందా ఓడ? అడగవేం? జపానుకే తల్లీ!

చిటికెడు మన్ను కోసం సూర్యుడవతలకి డేగని పంపిన దేశానికే. రెండు కేజీల పైనే పంపించాను నేను. వాళ్ళ రేవులో దింపుకుని, వాళ్ళ కొలిమిలో పోసుకుని, కరిగించి, ఏ కారు తలుపో చేసుకుని ఉంటారు. ఆకాశమే నడిచొచ్చి గుమ్మంలో కూర్చుంటే మనం గుర్తుపట్టలేదు, వాళ్ళు గుర్తుపట్టలేదు. నువ్వొక్కదానివే పీటేశావ్.

దేవుడని కాదు, మళ్ళీ అలా అనుకోకు! దేవుడు కాదది. కానీ నువ్వు చెప్పిన మాట నిజం. మబ్బు లేదు, వాన లేదు, ఫెళ్ళుమంది, పడింది. నువ్వు చూసింది చూసినట్టు చెప్పావ్. శాస్త్రమంటే అంతకంటే ఏముంది? నేను చూడందాన్ని చూసినట్టు చెప్పాను.

మరి నాలుగు నెలలూ ఎందుకు నోరు మూసుకున్నానంటావా? ఫోటో పడింది కదా పేపర్లో. పేరు వచ్చింది కదా. యువ హేతువాది దేవీప్రసాద్! పేరులో దేవీ ఉన్నవాడు దేవుడు లేడన్నాడని త్రినాథరావు గారికి అదో సరదా. ఇప్పుడెళ్ళి 'అయ్యా, తప్పు నాది' అంటే నవ్వేది నన్ను. నవ్వించడం వచ్చినవాడికి నవ్వులపాలవడం చేతకాదు.

ఈ జపాను వాళ్ళని ఎవరడిగారు చెప్పు? అంత దూరంలో గుండు పేలిందో లేదో చూడబోయినవాడు లేడు. పేలిందని అప్పటికే చెప్పేశారు, ప్రపంచమంతా చప్పట్లు కొట్టేసింది. ఊరుకుంటే ఏం పోయింది? ఊరుకోలేదు. మళ్ళీ లెక్కలు చూసుకుని, పేలలేదేమో, డబ్బా ఖాళీయేమో అని వాళ్ళంతట వాళ్ళే చెప్పారు. త్రినాథరావు గారు పకపకా నవ్వాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. వాళ్ళ డబ్బాలో లేదేమోనని లోకానికి చెప్పారు వాళ్ళు. నా డబ్బాలో ఉందని తెలిసి, ఒక్క మనిషికి చెప్పలేకపోయాను నేను.

ఇదిగో. ఈ కవర్లో ఉంది. మిగిలింది ఇంతే, రెండు వందల గ్రాములు కూడా లేదు. బూడిదలా ఉంది కదా? అస్థికలు చేతికిచ్చినట్టుంది. పైన చీటీ చూడకు, 'స్లాగ్' అని రాసుంది, నా చేతి రాతే. చింపేస్తాను ఆగు.

కళ్ళకద్దుకుంటావా? అద్దుకో. నేనేం అనను.

కాయితం కూడా రాస్తున్నాను. కంపెనీ కాయితం మీద అయితే నా ఉద్యోగం పోతుంది. చూడు, ఇంకా అదే ఆలోచన నాకు! వేదిక కాయితం ఉంది, పైన ఎర్రటి అచ్చులో నినాదంతో సహా. దీని మీదే రాస్తాను. విను. 'పైడితల్లి పశువుల శాల మీద పడిన రాయి ఆకాశం నుంచి వచ్చినదే. ఫ్యాక్టరీది కాదు. ఆమె అబద్ధం ఆడలేదు. మైకులో అబద్ధం ఆడింది నేను.' సంతకం చేశాను. తేదీ వేశాను.

ఆదివారం ఆ మైకులోనే చదువుతాను ఇది. త్రినాథరావు గారు మైకు నా చేతికిస్తే. నవ్వడానికి డెబ్భైమంది వచ్చారు ఆవేళ. దీనికి ఏడుగురు వస్తే గొప్ప. నువ్వు రానక్కర్లేదులే.

ఏంటమ్మా, కాయితం అలా తిప్పి తిప్పి చూస్తావ్? తలకిందులుగా పట్టుకున్నావ్. ఏంటీ?

నేను చదివిందే రాశానో లేదో నీకెలా తెలుస్తుంది అనా?

తెలియదు. నిజమే. నీకెలా తెలుస్తుంది!

గేటు దగ్గర అబ్బులు నాలుగో క్లాసు దాకా చదివాడు. వాడితో చదివించుకో. వంకాయలు తీసుకుని వాడు గేటన్నా తీశాడు. మద్దిలపాలెంలో బస్సు మారేటప్పుడు, నన్ను ఎరగనివాళ్ళని ఎవరినైనా అడిగి ఇంకోసారి చదివించుకో. ఇద్దరూ ఒకటే చదివితే అప్పుడు తీసుకెళ్ళి అర్జునరావు మొహాన పెట్టు.

అంతేగానీ నన్ను నమ్మకు పైడితల్లమ్మా. ఒకసారి నమ్మావుగా.